డాకర్ బిల్డ్‌లో "క్యూడా_హోమ్ సెట్ అవ్వలేదు" ఎర్రర్: వేరియబుల్ పెట్టినా ఎందుకు పోవట్లేదంటే

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. పైథాన్ స్లిమ్ ఇమేజ్ మీద డాకర్‌ఫైల్ (కంటెయినర్ ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్) రాశారు, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌తో పైటార్చ్ అనే డీప్ లెర్నింగ్ లైబ్రరీ వేస్తే ఏ ఇబ్బందీ లేకుండా ఎక్కేసింది, ఆ తర్వాత ఫ్లాష్ అటెన్షన్ (జీపీయూ మీద అటెన్షన్ లెక్కల్ని వేగంగా చేసే లైబ్రరీ) వేయబోతే "క్యూడా_హోమ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ సెట్ అవ్వలేదు, క్యూడా ఇన్‌స్టాల్ అయిన రూట్ ఇవ్వండి" అని బిల్డ్ మధ్యలో ఆగిపోయింది (క్యూడా అంటే ఎన్విడియా జీపీయూల మీద కోడ్ నడిపే వ్యవస్థ). ఎవరో చెప్తే రన్ లైన్‌లో ఎక్స్‌పోర్ట్ చేసి చూశారు, మళ్ళీ అదే. తర్వాత ఎన్వ్ లైన్ పెట్టారు, ఈసారి ఆ ఎర్రర్ పోయి "యూఎస్ఆర్ లోకల్ క్యూడా బిన్‌లో ఎన్‌వీసీసీ అనే ఫైల్ లేదు" అని కొత్తది వచ్చింది. సర్వర్‌లో ఎన్విడియా-ఎస్ఎంఐ (జీపీయూ, డ్రైవర్ వివరాలు చూపించే కమాండ్) కొడితే మాత్రం క్యూడా 12.4 అని చక్కగా కనిపిస్తోంది, మరి ఉన్నదాన్ని లేదంటాడేంటి అని మీ ప్రశ్న.

ఆ రెండో ఎర్రరే మీకు అసలు సంగతి చెప్తోంది. మొదటి మెసేజ్ చూసి అందరూ వేరియబుల్ వెంట పడతారు, కానీ వేరియబుల్ అనేది ఒక దారి మాత్రమే, ఆ దారి చివర క్యూడా కంపైలర్, అంటే ఎన్‌వీసీసీ, ఉండాలి, మీ ఇమేజ్‌లో అది లేదు. ఇల్లే కట్టని స్థలానికి అడ్రస్ రాసిస్తే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు చెప్పండి, అక్కడిదాకా వెళ్ళి తిరిగొస్తాడు, మీ బిల్డ్ చేసింది కూడా అదే. అందుకే ఇలాంటి ఎర్రర్ ఏది వచ్చినా నేను ముందు అడిగేది వేరియబుల్‌లో ఏం పెట్టాలి అని కాదు, ఈ వేరియబుల్‌ని ఎవరు చదువుతున్నారు, ఎప్పుడు చదువుతున్నారు, అక్కడ నిజంగా ఆ ఫైళ్ళు ఉన్నాయా అని. ఈ మూడిటికీ జవాబు దొరికితే మిగతాది పది నిమిషాల పని.

(వేరియబుల్ పేర్లన్నీ నేను తెలుగులో రాస్తున్నా గానీ మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్ పెద్దక్షరాలే, కింది గీత (_) ఉన్నచోట అండర్‌స్కోర్. చిన్నక్షరాల్లో కొడితే లినక్స్‌కి అది వేరే వేరియబుల్.)

ముందు ఎవరు చదువుతున్నారో చూద్దాం. ఫ్లాష్ అటెన్షన్ సెటప్ ఫైల్ పైటార్చ్‌లో ఉన్న సీపీపీ ఎక్స్‌టెన్షన్ అనే మాడ్యూల్‌ని వాడుకుంటుంది, క్యూడా ఎక్కడుందో వెతికేది అదే. చాలా పైటార్చ్ వెర్షన్లలో అది వెతికే వరస ఇలా ఉంటుంది: ముందు క్యూడా_హోమ్ ఉందా, లేకపోతే క్యూడా_పాత్ ఉందా, అదీ లేకపోతే పాత్‌లో (షెల్ కమాండ్లని వెతికే ఫోల్డర్ల లిస్ట్) ఎన్‌వీసీసీ ఎక్కడైనా దొరుకుతుందా, దొరికితే దానికి రెండు ఫోల్డర్లు పైకి వెళ్ళి అదే రూట్ అనుకుంటుంది, అది కూడా లేకపోతే చివరికి యూఎస్ఆర్ లోకల్ క్యూడా ఫోల్డర్ ఉందా అని చూస్తుంది. ఇవన్నీ లేనప్పుడే మీకొచ్చిన మెసేజ్ వస్తుంది. అంటే టూల్‌కిట్ (ఎన్‌వీసీసీ, హెడర్లు, లైబ్రరీలు కలిసిన క్యూడా ప్యాకేజీ) మామూలు చోట సరిగ్గా ఉంటే మీరు ఏ వేరియబుల్ పెట్టకపోయినా దానంతట అది కనుక్కుంటుంది. మెసేజ్ వచ్చిందీ అంటే నూటికి తొంభై సార్లు టూల్‌కిట్టే లేదని.

మరి పైటార్చ్ క్యూడాతోనే కదా వచ్చింది అంటారేమో. వచ్చింది, కానీ పిప్ వీల్‌తో (ముందే కట్టి పెట్టిన ప్యాకేజీ ఫైల్) వచ్చేవి రన్‌టైమ్ లైబ్రరీలు, అంటే క్యూబ్లాస్, క్యూడీఎన్ఎన్, ఎన్‌సీసీఎల్ లాంటివి, ముందే కంపైల్ అయిన కోడ్ నడవడానికి అవి చాలు. కొత్త క్యూడా కోడ్‌ని కంపైల్ చేయాలంటే ఎన్‌వీసీసీ, హెడర్ ఫైళ్ళు కావాలి, ఆ కంపైలర్ ఆ వీల్‌లో ఉండదు. ఫ్లాష్ అటెన్షన్, డీప్‌స్పీడ్‌లో కొన్ని ఆప్స్, డిటెక్ట్రాన్2, మీరు సొంతంగా రాసిన కెర్నల్స్ (జీపీయూ మీద నడిచే ఫంక్షన్లు), ఇవన్నీ మెషీన్‌లో కంపైల్ అయ్యే బాపతు.

ఇక ఎన్విడియా-ఎస్ఎంఐ చూపించే 12.4 సంగతి. అక్కడ కుడివైపు పైన కనిపించేది మీ దగ్గర ఇన్‌స్టాల్ అయిన టూల్‌కిట్ వెర్షన్ కానే కాదు, మీ డ్రైవర్ గరిష్ఠంగా ఏ క్యూడా వెర్షన్ దాకా సపోర్ట్ చేస్తుందో అది. టూల్‌కిట్ అసలు లేని మెషీన్‌లో కూడా ఆ నంబర్ వస్తుంది. టూల్‌కిట్ వెర్షన్ తెలియాలంటే ఎన్‌వీసీసీ డబుల్ డ్యాష్ వెర్షన్ కొట్టాలి, పైటార్చ్ ఏ క్యూడాతో తయారైందో తెలియాలంటే పైథాన్‌లో టార్చ్ డాట్ వెర్షన్ డాట్ క్యూడా ప్రింట్ చేయాలి. ఈ మూడు నంబర్లు మూడు వేరు వేరు విషయాలు. ఈ ఒక్క కన్‌ఫ్యూజన్ వల్ల పోయే టైమ్ ఇంతా అంతా కాదు, కొత్తగా జీపీయూ పని మొదలుపెట్టిన పిల్లలకి ఎవరైనా మొదటిరోజే ఇది చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది: బేస్ ఇమేజ్ మార్చండి. డాకర్ హబ్‌లో ఎన్విడియా వాళ్ళ క్యూడా ఇమేజ్‌లు మూడు రకాలుగా ఉంటాయి, ట్యాగ్ పేరులోనే ఉంటుంది చూడండి, బేస్, రన్‌టైమ్, డెవెల్. బేస్‌లో క్యూడా రన్‌టైమ్ వరకే, రన్‌టైమ్‌లో దానికి తోడు మ్యాథ్ లైబ్రరీలు, ఎన్‌సీసీఎల్, డెవెల్‌లో మాత్రమే ఎన్‌వీసీసీ, హెడర్లు, స్టబ్ లైబ్రరీలు ఉంటాయి. కంపైల్ చేసేది ఏదైనా డెవెల్ మీదే చేయాలి. రన్‌టైమ్ ఇమేజ్ తీసుకుని అందులో యూఎస్ఆర్ లోకల్ క్యూడా ఫోల్డర్ కనిపించింది కదా అని క్యూడా_హోమ్ అక్కడికి పెడితే మళ్ళీ మీకొచ్చిన రెండో ఎర్రరే వస్తుంది, ఎందుకంటే ఫోల్డర్ ఉంటుంది, లోపల బిన్‌లో కంపైలర్ ఉండదు.

డెవెల్ ట్యాగ్ ఎంచుకునేటప్పుడు వెర్షన్ టార్చ్ డాట్ వెర్షన్ డాట్ క్యూడాకి సరిపోవాలి, ఎన్విడియా-ఎస్ఎంఐకి కాదు. మేజర్ నంబర్ తేడా ఉంటే, అంటే పైటార్చ్ 12.1తో తయారై మీ ఎన్‌వీసీసీ 11.8 అయితే, పైటార్చే "వెర్షన్ మ్యాచ్ అవ్వలేదు" అని ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. 12.1, 12.4 లాంటి మైనర్ తేడా అయితే వార్నింగ్ ఇచ్చి ముందుకెళ్తుంది, మామూలుగా పని అయిపోద్ది. డ్రైవర్ వైపు చూసుకోవాల్సింది ఒక్కటే, అది చూపించే నంబర్ మీ టూల్‌కిట్ కంటే తక్కువ ఉండకుండా చూసుకోండి.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, చాలామంది పడతారు. డెవెల్ ఇమేజ్ కొన్ని జీబీలు ఉంటుంది కదా, అంత ఎందుకులే అని ఉబుంటు ఇమేజ్‌లో ఆప్ట్‌తో ఎన్విడియా-క్యూడా-టూల్‌కిట్ అనే ప్యాకేజీ వేసేస్తారు. అది ఉబుంటు వాళ్ళ సొంత రిపోలోది, ఉబుంటు 22.04లో అది 11.5 ఇస్తుంది, 24.04లో 12.0. పైగా ఎన్‌వీసీసీని యూఎస్ఆర్ బిన్‌లో పెడుతుంది, అప్పుడు పైటార్చ్ రెండు ఫోల్డర్లు పైకెళ్ళి క్యూడా రూట్ అంటే యూఎస్ఆర్ ఫోల్డరే అనుకుంటుంది. 22.04 మీద 12 సిరీస్ పైటార్చ్ వేసుకుని ఇది చేస్తే మేజర్ వెర్షన్ గొడవ ఖాయం. ఆప్ట్‌తోనే వేయాలనుకుంటే ఎన్విడియా వాళ్ళ రిపో యాడ్ చేసుకుని వెర్షన్ నంబర్ ఉన్న క్యూడా-టూల్‌కిట్ ప్యాకేజీ వేయండి, అది యూఎస్ఆర్ లోకల్ కిందకి వెళ్తుంది. కంపైలర్ జోడీ కూడా చూసుకోవాలి, ప్రతి ఎన్‌వీసీసీకి అది ఒప్పుకునే జీసీసీ (సీ, సీ++ కంపైలర్) వెర్షన్ పైపరిమితి ఉంటుంది, క్యూడా 11.8 అయితే జీసీసీ 11 దాకానే, 12 పెడితే "సపోర్ట్ లేని జీఎన్‌యూ వెర్షన్" అని మొదటి ఫైల్‌లోనే ఆగిపోద్ది. డెవెల్ ఇమేజ్‌లో ఈ జోడీ ముందే కుదిరి ఉంటుంది, అందుకే నేను అదే వాడమంటా.

మీ ఎక్స్‌పోర్ట్ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్పాలి, ఇది క్యూడాకే కాదు అన్నిటికీ వర్తిస్తుంది. డాకర్‌ఫైల్‌లో ఒక్కో రన్ లైన్ ఒక్కో కొత్త షెల్. మీరు ఒక రన్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ లైన్ అయిపోగానే ఆ షెల్ చచ్చిపోద్ది, దాంతోపాటు వేరియబుల్ కూడా. తర్వాతి రన్‌లో పిప్ ఇన్‌స్టాల్ నడిచేటప్పటికి అది లేదు. ఒకే రన్‌లో ఎక్స్‌పోర్ట్, పిప్ రెండూ కలిపి రాస్తే ఆ లైన్ వరకు పనిచేస్తుంది, అన్ని లైన్లకీ కావాలంటే ఎన్వ్ వాడాలి. బాష్ఆర్‌సీ ఫైల్‌లో రాయడం ఇంకో అలవాటు, హోస్ట్ (డాకర్ నడిచే అసలు మెషీన్) మీద అలాగే చేస్తాం కాబట్టి. బిల్డ్‌లో రన్ లైన్లు మామూలుగా బిన్ ఎస్‌హెచ్‌తో నడుస్తాయి, అది బాష్ఆర్‌సీ జోలికే పోదు. షెల్‌ని బాష్‌కి మార్చినా, పోనీ సోర్స్ చేసినా కూడా, ఉబుంటు బాష్ఆర్‌సీ మొదట్లోనే "ఇది ఇంటరాక్టివ్ షెల్ కాకపోతే ఇక్కడే వెనక్కి వెళ్ళిపో" అని ఒక చెక్ ఉంటుంది, మీరు ఫైల్ చివర్లో రాసిన లైన్ దాకా అది రాదు.

ఆర్గ్ (బిల్డ్ టైమ్‌లో మాత్రమే ఉండే వేరియబుల్) గురించి కూడా ఒక మాట. ఫ్రమ్ (బేస్ ఇమేజ్ ఏదో చెప్పే లైన్) కంటే పైన రాసిన ఆర్గ్ ఫ్రమ్ లైన్‌కే పనికొస్తుంది, దాని కింద వాడాలంటే ఫ్రమ్ తర్వాత ఇంకోసారి ఆర్గ్ అని పేరు మాత్రం రాయాలి, లేకపోతే ఖాళీగా ఉంటుంది, ఎర్రర్ కూడా రాదు. అలాగే మల్టీ స్టేజ్ బిల్డ్‌లో (ఒకే డాకర్‌ఫైల్‌లో ఒకటికంటే ఎక్కువ ఫ్రమ్‌లు) ఒక స్టేజ్‌లో పెట్టిన ఎన్వ్ ఇంకో స్టేజ్‌కి రాదు, ఆ స్టేజ్ పేరు మీదే ఫ్రమ్ రాస్తే తప్ప. కాపీ డ్యాష్ డ్యాష్ ఫ్రమ్ ఫైళ్ళనే తెస్తుంది, వేరియబుల్స్‌ని తేదు. సుడో వాడేవాళ్ళకి ఇంకోటి, సుడో మామూలుగా ఎన్విరాన్‌మెంట్‌ని తుడిచేసి కమాండ్ నడుపుతుంది, కాబట్టి మీ షెల్‌లో ఎకో కొడితే కనిపించే క్యూడా_హోమ్ సుడో పిప్‌కి కనిపించకపోవచ్చు.

ఒక అపోహ కూడా తీసేద్దాం. "పిప్ బిల్డ్ ఐసొలేషన్ వల్ల క్యూడా_హోమ్ పోతుంది" అని చాలాచోట్ల రాస్తారు. పోదు. ఐసొలేషన్ అంటే బిల్డ్ కోసం పిప్ వేరే ఖాళీ పైథాన్ వాతావరణం తయారుచేస్తుంది, అందులో మీరు ముందే వేసిన టార్చ్ కనిపించదు, అందుకే "టార్చ్ అనే మాడ్యూల్ లేదు" అని వస్తుంది, దానికోసమే నో-బిల్డ్-ఐసొలేషన్ ఆప్షన్ ఇస్తాం. మీరు పెట్టిన క్యూడా_హోమ్ మాత్రం అలాగే ఉంటుంది. ఆ ఆప్షన్ ఇస్తే బిల్డ్‌కి కావాల్సిన ప్యాకేజింగ్, నింజా (చాలా ఫైళ్ళని ఒకేసారి కంపైల్ చేయించే టూల్), వీల్, సెటప్‌టూల్స్ ముందే మీరే వేసుకోవాలి. నింజా మర్చిపోతే పని ఆగదు గానీ కంపైల్ ఒక్కొక్క ఫైల్‌గా నడిచి గంటలు పడుతుంది.

ఇప్పుడు "ఎప్పుడు చదువుతున్నారు" అన్న దానికొద్దాం, కంటెయినర్లలో నిజంగా తికమక పెట్టేది ఇదే. డాకర్ బిల్డ్ జరిగేటప్పుడు మీ కంటెయినర్‌కి మామూలుగా జీపీయూ ఉండదు. సర్వర్‌లో ఎనిమిది కార్డులు ఉన్నా సరే, బిల్డ్‌కి కనిపించవు. డ్రైవర్ లైబ్రరీ అయిన లిబ్‌క్యూడా ఇమేజ్‌లో ఉండదు, ఎన్విడియా కంటెయినర్ టూల్‌కిట్ దాన్ని డాకర్ రన్ టైమ్‌లో హోస్ట్ నుంచి తెచ్చి లోపల అతికిస్తుంది, జీపీయూస్ ఆల్ ఆప్షన్ ఇచ్చినప్పుడు జరిగేది అదే. పాత డాకర్ బిల్డర్‌లో డీఫాల్ట్ రన్‌టైమ్‌ని ఎన్విడియాగా మారిస్తే బిల్డ్‌లో కూడా జీపీయూ కనిపించేది, ఇప్పటి బిల్డర్ అయిన బిల్డ్‌కిట్ ఆ సెట్టింగ్‌ని పట్టించుకోదు, అందుకే పాత బ్లాగుల్లో ఉన్న చిట్కా ఇప్పుడు పనిచేయట్లేదని జనం తల పట్టుకుంటారు.

దీనివల్ల ఏమవుతుందంటే, బిల్డ్‌లో టార్చ్ డాట్ క్యూడా డాట్ ఈజ్ అవెయిలబుల్ అడిగితే ఫాల్స్ అంటుంది, అది తప్పు కాదు. "క్యూడా రన్‌టైమ్ దొరకలేదు, క్యూడా_హోమ్ ఫలానాది వాడుతున్నా" అని ఒక లైన్ కూడా ప్రింట్ అవుతుంది, భయపడొద్దు, అది సమాచారం మాత్రమే. కానీ కొన్ని ప్యాకేజీల సెటప్ ఫైళ్ళు ఆ ఫాల్స్ చూసి "ఓహో జీపీయూ లేదు" అనుకుని చప్పుడు చేయకుండా సీపీయూ వెర్షన్ కట్టేస్తాయి, ఇన్‌స్టాల్ సక్సెస్ అంటుంది, రన్ చేసినప్పుడు "జీపీయూ సపోర్ట్‌తో కంపైల్ అవ్వలేదు" అంటుంది. టార్చ్‌విజన్, డిటెక్ట్రాన్2 లాంటి వాటికి ఫోర్స్_క్యూడా అనే వేరియబుల్‌కి 1 పెట్టేది ఇందుకే.

రెండోది, ఏ జీపీయూ కోసం కోడ్ తయారుచేయాలో కార్డుని అడిగి తెలుసుకుందామంటే కార్డే లేదు. అప్పుడు పైటార్చ్ లోపల ఆర్కిటెక్చర్ల లిస్ట్ ఖాళీగా వచ్చి "లిస్ట్ ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్" అనే ఎర్రర్ పడుతుంది, చదివితే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి దీనికి సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. మందు టార్చ్_క్యూడా_ఆర్చ్_లిస్ట్. మీ కోడ్ ఎక్కడ నడుస్తుందో ఆ కార్డు నంబర్ ఇవ్వండి: వీ100కి 7.0, టీ4కి 7.5, ఏ100కి 8.0, ఏ10, 3090లకి 8.6, ఎల్4, 4090లకి 8.9, హెచ్100కి 9.0. ఒకటికంటే ఎక్కువ ఉంటే సెమీకోలన్‌తో ఇవ్వొచ్చు, రన్ లైన్‌లో ఇచ్చేటప్పుడు ఆ విలువని కోట్స్‌లో పెట్టండి, లేకపోతే షెల్ సెమీకోలన్ దగ్గర కమాండ్‌ని విరిచేస్తుంది. అన్నీ ఇచ్చేయకండి, ఒక్కో ఆర్కిటెక్చర్‌కి కంపైల్ టైమ్, ఫైల్ సైజ్ రెండూ పెరుగుతాయి. తక్కువ ఇస్తే ఇంకో సమస్య, బిల్డ్ మెషీన్‌లో బాగానే ఉండి డిప్లాయ్ చేసిన చోట "ఈ డివైస్‌కి కెర్నల్ ఇమేజ్ లేదు" అంటుంది.

ఫ్లాష్ అటెన్షన్ మాత్రం దీన్ని వినదు, ఆర్కిటెక్చర్లు తనే డిసైడ్ చేసుకుంటుంది, కొత్త వెర్షన్లలో దానికి సొంతంగా ఫ్లాష్_అటెన్_క్యూడా_ఆర్చ్స్ అని వేరే వేరియబుల్ ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ఫ్లాష్ అటెన్షన్ 2 ఆంపియర్ తరం (ఏ100, 3090 లాంటివి), దాని తర్వాతి కార్డులకే. మీ ప్రశ్నలో కార్డు ఏదో చెప్పలేదు. కోలాబ్ ఫ్రీలో, కాగుల్‌లో వచ్చే టీ4 అయితే ట్యూరింగ్ తరం, ఎన్ని వేరియబుల్స్ సరిచేసినా దాని మీద అది నడవదు. అలాంటప్పుడు పైటార్చ్‌లోనే ఉన్న స్కేల్డ్ డాట్ ప్రోడక్ట్ అటెన్షన్ వాడుకోండి, అదనంగా ఏమీ కంపైల్ చేసే పనే లేదు. ముందు ఇది చూసుకుని తర్వాత మిగతా కష్టం పడండి.

మెమరీ గురించి కూడా. ఫ్లాష్ అటెన్షన్ కంపైల్ అయ్యేటప్పుడు నింజా కోర్లన్నిటినీ వాడి ఒకేసారి బోలెడు జాబ్స్ మొదలుపెడుతుంది, ఒక్కోటి జీబీల్లో ర్యామ్ తింటుంది, చివరికి "కిల్డ్" అని ఒక్క ముక్క వచ్చి ఆగిపోద్ది, కారణం ఏంటో లాగ్‌లో ఉండదు. ర్యామ్ 96 జీబీ కంటే తక్కువ ఉండి కోర్లు ఎక్కువ ఉన్న మెషీన్‌లో మ్యాక్స్_జాబ్స్ 4 పెట్టమని ఆ ప్రాజెక్ట్ వాళ్ళే రాశారు. మీది 32 జీబీ అయితే 2 పెట్టండి, నెమ్మదిగా అయినా అవుతుంది. అసలు కంపైల్ తప్పించుకునే దారి కూడా ఉంది, వాళ్ళ గిట్‌హబ్ రిలీజెస్‌లో ముందే కట్టిన వీల్స్ ఉంటాయి, పైథాన్, టార్చ్, క్యూడా, సీఎక్స్ఎక్స్11 ఏబీఐ (టార్చ్‌ని కట్టిన సీ++ సెట్టింగ్) ఈ నాలుగూ మీ దానికి కలిసిన ఫైల్ దొరికితే నేరుగా ఆ లింక్‌తో పిప్ ఇన్‌స్టాల్ చేసేయొచ్చు, ఎన్‌వీసీసీయే అక్కర్లేదు. దొరికితే నేనైతే అదే చేస్తా.

వేరే సాఫ్ట్‌వేర్‌కి వెళ్తే వేరియబుల్ పేరే మారిపోద్ది, ఎవరు చదువుతున్నారు అని ముందు అడగమన్నది అందుకే. కూపై (జీపీయూ మీద నడిచే నమ్‌పై లాంటి లైబ్రరీ) క్యూడా_పాత్ చూస్తుంది. సీమేక్‌తో (సీ++ ప్రాజెక్టులు కట్టే టూల్) కట్టేవి క్యూడా_హోమ్ మీద ఆధారపడవు, క్యూడాసీఎక్స్ఎక్స్ చూస్తాయి లేదా పాత్‌లో ఎన్‌వీసీసీ వెతుకుతాయి. టెన్సర్‌ఫ్లోలో "లిబ్‌డివైస్ దొరకలేదు" అని వస్తే దానికి ఎక్స్ఎల్ఏ_ఫ్లాగ్స్‌లో క్యూడా డేటా డైరెక్టరీ చెప్పాలి. లామా-సీపీపీ-పైథాన్ అయితే సీమేక్_ఆర్గ్స్‌లో జీజీఎంఎల్_క్యూడా ఆన్ అని ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎర్రర్ రాదు, సీపీయూ వెర్షన్ ఎక్కేస్తుంది, మోడల్ నత్తనడక నడుస్తుంటే మీరు జీపీయూని అనుమానిస్తూ కూర్చుంటారు. తర్వాత తెలుసుకుని వేరియబుల్ పెట్టి మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినా పిప్ తన క్యాష్‌లో ఉన్న పాత సీపీయూ వీల్‌నే తీసి పెట్టేస్తుంది. నో-క్యాష్-డిర్, ఫోర్స్-రీఇన్‌స్టాల్ రెండూ ఇవ్వండి. వేరియబుల్ సరిచేసినా ఫలితం మారట్లేదంటే నేను ముందు అనుమానించేది ఈ క్యాష్‌నే.

సీమేక్ ప్రాజెక్టులకి డాకర్ బిల్డ్‌లో ఇంకో లింక్ ఎర్రర్ వస్తుంటుంది, లిబ్‌క్యూడా డాట్ ఎస్ఓ డాట్ 1 దొరకలేదని. డ్రైవర్ బిల్డ్‌లో ఉండదని చెప్పా కదా, దానికోసమే డెవెల్ ఇమేజ్‌లో లిబ్64 కింద స్టబ్స్ అనే ఫోల్డర్‌లో ఒక డమ్మీ లిబ్‌క్యూడా ఉంటుంది, లింకర్‌ని తృప్తి పరచడానికి. అందులో డాట్ 1 పేరుతో సింబాలిక్ లింక్ ఒకటి చేసి లింకర్‌కి ఆర్‌పాత్-లింక్ ఆప్షన్‌తో ఆ దారి చెప్తే పని అవుతుంది. ఆ స్టబ్స్ దారిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో ఎన్వ్‌గా పెట్టి వదిలేయకండి. రన్ టైమ్‌లో నిజం డ్రైవర్ కంటే ముందు ఆ డమ్మీ లోడ్ అయ్యి "క్యూడా డ్రైవర్ స్టబ్ లైబ్రరీ" అనే ఎర్రర్ వస్తుంది, అంటే బిల్డ్‌ని బాగుచేసిన వేరియబులే రన్‌ని చెడగొడుతుంది.

రన్ టైమ్‌లో చదివే వేరియబుల్స్ వేరు. జీపీయూ ఏది కనిపించాలో ఎన్విడియా_విజిబుల్_డివైసెస్ చెప్తుంది, డ్రైవర్‌లో ఏ భాగాలు లోపలికి రావాలో ఎన్విడియా_డ్రైవర్_కేపబిలిటీస్ చెప్తుంది. ఎన్విడియా వాళ్ళ ఇమేజ్‌లలో ఈ రెండూ ముందే ఉంటాయి, కేపబిలిటీస్‌లో కంప్యూట్, యుటిలిటీ అని. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో వీడియో ఎన్‌కోడ్ చేసేవాళ్ళకి ఆ రెండూ చాలవు, వీడియో అని కూడా కలపాలి, లేకపోతే ఎన్విడియా-ఎస్ఎంఐ చక్కగా పనిచేస్తూనే ఎన్‌కోడర్ లైబ్రరీ లేదంటుంది. కుబెర్నెటిస్‌లో వాడేవాళ్ళు జాగ్రత్త, ఇమేజ్‌లో విజిబుల్ డివైసెస్ ఆల్ అని ఉండి పాడ్ జీపీయూ అడగకపోతే కొన్ని సెటప్‌లలో ఆ నోడ్‌లో ఉన్న కార్డులన్నీ దానికి కనిపించేస్తాయి, పక్కవాళ్ళ ట్రైనింగ్ మీద మన జాబ్ పడుతుంది.

కంటెయినర్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో లాగిన్ అయ్యేవాళ్ళకి ఇంకో రకం. ఎన్వ్‌తో పెట్టినవి కంటెయినర్ మొదటి ప్రాసెస్‌కి, డాకర్ ఎగ్జెక్‌తో వెళ్ళినవాళ్ళకి వస్తాయి, ఎస్ఎస్‌హెచ్ సెషన్ మాత్రం తన ఎన్విరాన్‌మెంట్ తనే కొత్తగా కట్టుకుంటుంది. అద్దె జీపీయూలు తీసుకుని వీఎస్ కోడ్ రిమోట్‌తో పనిచేసేవాళ్ళు "టెర్మినల్‌లో ఉంది, ఎస్ఎస్‌హెచ్‌లో లేదు" అనేది ఇందుకే. మొదటి ప్రాసెస్‌కి ఏమున్నాయో ప్రాక్ ఫోల్డర్‌లో 1 కింద ఎన్విరాన్ ఫైల్‌లో చూడొచ్చు, కావాల్సినవి ఈటీసీ ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో రాసుకుంటే లాగిన్లన్నిటికీ వస్తాయి.

యూనివర్సిటీ క్లస్టర్లలో డాకర్ ఇవ్వరు, ఆప్టెయినర్ ఇస్తారు, పాత పేరు సింగులారిటీ. అక్కడ సమస్య తలకిందులు. డాకర్ అయితే హోస్ట్‌లోని వేరియబుల్స్‌ని లోపలికి రానివ్వదు, ఆప్టెయినర్ అన్నిటినీ రానిస్తుంది. మీరు లాగిన్ అవగానే మాడ్యూల్ లోడ్ క్యూడా కొట్టి ఉంటారు, అది క్యూడా_హోమ్‌ని క్లస్టర్‌లో ఏదో యాప్స్ ఫోల్డర్‌కి పెడుతుంది, ఆ విలువ కంటెయినర్‌లోకి వెళ్ళిపోద్ది, లోపల ఆ ఫోల్డర్ ఉండదు. వేరియబుల్ ఉంది, విలువ ఉంది, దారి మాత్రం ఇంకో లోకానిది. క్లీన్‌ఎన్వ్ ఆప్షన్‌తో నడపండి, నిజంగా లోపలికి పంపాల్సినవాటికి ముందు ఆప్టెయినర్‌ఎన్వ్_ అని తగిలించి పంపండి, జీపీయూ కోసం ఎన్‌వీ ఆప్షన్ మర్చిపోకండి.

సరే, మీ విషయానికొస్తే ఇలా చేయండి. టార్చ్ డాట్ వెర్షన్ డాట్ క్యూడా చూసుకుని దానికి సరిపడే డెవెల్ ఇమేజ్, ఉబుంటు 22.04 ట్యాగ్‌తో, మొదటి స్టేజ్‌గా పెట్టండి. అందులో మీ ఫైనల్ ఇమేజ్‌లో ఉండే పైథాన్ వెర్షనే ఉండాలి, 22.04లో మామూలుగా వచ్చేది 3.10, కాబట్టి స్లిమ్ ఇమేజ్ కూడా 3.10 తీసుకుంటే గొడవ ఉండదు. ఆ స్టేజ్‌లో ఎన్వ్‌తో క్యూడా_హోమ్ యూఎస్ఆర్ లోకల్ క్యూడాకి, మ్యాక్స్_జాబ్స్ మీ ర్యామ్‌ని బట్టి. పిప్ కంటే ముందు ఒక రన్ లైన్‌లో ఎన్‌వీసీసీ వెర్షన్ కొట్టించండి, కంపైలర్ లేకపోతే గంట తర్వాత కాకుండా అక్కడే ఆగుతుంది. టార్చ్, నింజా, ప్యాకేజింగ్ వేసి, తర్వాత పిప్ ఇన్‌స్టాల్ బదులు పిప్ వీల్, నో-బిల్డ్-ఐసొలేషన్, నో-డెప్స్ ఇచ్చి ఒక ఫోల్డర్‌లోకి వీల్ తీయండి. రెండో స్టేజ్ మీ పైథాన్ స్లిమ్ ఇమేజే, అందులో అదే టార్చ్ వెర్షన్ వేసి ఆ వీల్‌ని కాపీ చేసి ఇన్‌స్టాల్ చేస్తే చాలు, రన్‌టైమ్ లైబ్రరీలు టార్చ్‌తోనే వస్తాయి కాబట్టి రెండో స్టేజ్‌కి టూల్‌కిట్ గానీ క్యూడా_హోమ్ గానీ అవసరం లేదు. ఉబుంటు 24.04 డెవెల్‌లో కట్టి డెబియన్ 12 స్లిమ్‌లో పెట్టకండి, గ్లిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) 2.39 మీద కట్టింది 2.36 ఉన్నచోట లోడ్ కాకపోవచ్చు. 22.04లో 2.35, కాబట్టి ఆ దిశలో ఇబ్బంది లేదు.

ఇవన్నీ చేశాక కూడా ఆగితే నాలుగు అవుట్‌పుట్లు ఇక్కడ పెట్టండి, కంటెయినర్ లోపలివే, హోస్ట్‌వి కాదు: ఎన్‌వీసీసీ వెర్షన్, టార్చ్ వెర్షన్‌తో పాటు దాని క్యూడా వెర్షన్, యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్ లిస్టింగ్, ఎన్వ్ కమాండ్ అవుట్‌పుట్. వాటితో పాటు ఎర్రర్‌లో చివరి లైన్ కాదు, మొట్టమొదట "ఎర్రర్" అని కనిపించిన చోటు నుంచి ఓ ముప్పై లైన్లు. ఎన్వ్ అవుట్‌పుట్ పెట్టేముందు అందులో హగ్గింగ్ ఫేస్ టోకెన్, ఏడబ్ల్యూఎస్ కీలు లాంటివి ఉంటే తీసేయండి, అవి గనక డాకర్‌ఫైల్‌లో ఎన్వ్‌గానో ఆర్గ్‌గానో రాసి ఉంటే డాకర్ హిస్టరీలో కూడా కనిపిస్తాయి, ఆ కీలు మార్చేసుకుని బిల్డ్‌కిట్ సీక్రెట్ మౌంట్‌కి మారిపోండి.